ఊడ్చే పనికి యజమాని ఎవరు?

2017 మే నెలలో రైల్వే స్టేషన్ల పరిశుభ్రతపై జరిపిన సర్వే ఫలితాలు వచ్చాయి. ఏ-1 తరగతిలోని 75 స్టేషన్లలో విశాఖపట్నం మొదటి స్థానంలో, సికింద్రాబాద్ రెండో స్థానంలో నిలిచాయి. అంతకు కొద్దిరోజుల ముందే స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్, భోపాల్ తర్వాత మూడో ర్యాంకు విశాఖ నగరానికి దక్కింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కూల్చిన చెట్లు, రేకులు, స్తంభాల నడుమ నుంచి లేచిన ఊరు మూడేళ్లు తిరక్కుండానే ఇంత పేరు తెచ్చుకుంది. ప్లాట్‌ఫారాలు కడిగినవారిలోనూ, తెల్లవారుజామున రోడ్లు ఊడ్చినవారిలోనూ ఎక్కువమంది కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ కార్మికులే.

కాబట్టి ఏజెన్సీకి అప్పగిస్తే శుభ్రం ఉండదని గంపగుత్తగా అనడం సరికాదు. తేలాల్సింది వేరే ఉంది. జీతం రెండు నెలలు పడకపోతే, పీఎఫ్ జమ కాకపోతే, వార్డులో చెత్త ఎత్తుతుండగా వాడిన సూది గుచ్చుకుంటే ఆ కార్మికురాలు ఎవరిని అడగాలి? భవనం ఎవరిదో వారినా, టెండరు దక్కించుకున్నవారినా?

ఒకప్పుడు చట్టమే దీనికి సూటిగా జవాబు చెప్పింది. 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం ప్రకారం కాంట్రాక్టు పద్ధతిని నిషేధించే ముందు ప్రభుత్వం కొన్ని విషయాలు చూడాల్సి ఉండేది. ఆ పని సంస్థకు అవసరమైనదా, ఏడాది పొడవునా ఉండేదా, మామూలుగా పర్మినెంటు ఉద్యోగులతో చేయించేదా, పూర్తికాలం మనుషులు పట్టేంత ఉందా అన్నవి అందులో ముఖ్యం. ఆ చట్టం కిందే 1976 డిసెంబరు 9న కేంద్రం ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. తన పరిధిలోని సంస్థల భవనాలను ఊడ్చడం, తుడవడం, దుమ్ము దులపడం, కాపలా కాయడం వంటి పనులకు కాంట్రాక్టు కార్మికులను పెట్టరాదన్నది. ప్రత్యేక నైపుణ్యం ఉంటేగానీ చేయలేని బహుళ అంతస్తుల భవనాల బయటి శుభ్రతకు మాత్రం మినహాయింపు ఉంది. పోర్టు, రైల్వే కార్యాలయాలున్న విశాఖలో ఆ కాగితానికి విలువ ఎంతో ఊహించవచ్చు.

ఆ నోటిఫికేషన్ భవితవ్యాన్ని మలుపు తిప్పిన రెండు తీర్పులనూ ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన న్యాయమూర్తులే రాశారు. 1996లో ఎయిర్ ఇండియా కేసులో జస్టిస్ కె.రామస్వామి, కాంట్రాక్టు రద్దయితే ఆ కార్మికులను ప్రధాన యజమానే, అంటే పని చేయించుకునే సంస్థే, ఉద్యోగంలోకి తీసుకోవాలన్నారు. 2001 ఆగస్టు 30న స్టీల్ అథారిటీ కేసులో అయిదుగురు సభ్యుల ధర్మాసనం తరఫున జస్టిస్ సయ్యద్ షా మహమ్మద్ ఖాద్రీ దాన్ని తోసిపుచ్చారు. చట్టంలో అలాంటి ఆటోమేటిక్ హక్కు లేదన్నారు. ఒక్కో సంస్థ పరిస్థితిని విడిగా పరిశీలించకుండా అన్నింటికీ కలిపి నిషేధం పెట్టారంటూ 1976 నోటిఫికేషన్‌నే కొట్టివేశారు.

రెండేళ్లకే, 2003లో, ఆంధ్రప్రదేశ్ శాసనసభ మరో అడుగు వేసింది. కాంట్రాక్టు కార్మిక చట్టానికి రాష్ట్ర సవరణ తెచ్చి ‘ప్రధాన కార్యకలాపం’ అనే భావనను ప్రవేశపెట్టింది. అందులో కాంట్రాక్టును నిషేధిస్తూనే, దాని పరిధిలోకి రాని పనుల జాబితా ఒకటి ఇచ్చింది. పారిశుద్ధ్యం, ఊడ్చడం, తుడవడం, చెత్త సేకరణ ఆ జాబితాలో మొదటి వరుసలోనే ఉన్నాయి. 1976లో కేంద్రం ఏ పనులను కాపాడాలనుకుందో, 2003లో రాష్ట్రం వాటినే కాంట్రాక్టుకు తలుపులు తీసి అప్పగించింది. కేంద్రం 2020లో చేసిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ ఇంచుమించు ఆ జాబితానే దేశమంతటికీ తీసుకుంది. ఆ కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. కాంట్రాక్టు నిబంధనలు వర్తించడానికి ఉండాల్సిన కార్మికుల సంఖ్యను కూడా 20 నుంచి 50కి పెంచింది. చిన్న కార్యాలయాల్లో ఇరవై ముప్ఫై మందితో పని చేయించే కాంట్రాక్టర్లు దీంతో ఆ నిబంధనల చట్రం దాటిపోతారు.

ఉక్కు కర్మాగారంలో పరిపాలనా భవనం ఊడ్చడం ఉక్కు తయారీలో భాగం కాదని వాదించవచ్చు. ఆసుపత్రికి ఆ వాదన నిలవదు. 1923లో మొదలైన విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రికి (కేజీహెచ్) శ్రీకాకుళం కొసల నుంచి, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ సరిహద్దుల నుంచి రోగులు వస్తారు. కాన్పుల వార్డులో నేల తుడవడం అక్కడ వైద్యంలో భాగమే. 2015 ఆగస్టులో గుంటూరు సర్వజన ఆసుపత్రిలో ఎలుకలు కొరికి పసికందు చనిపోయినప్పుడు రాష్ట్రమంతా ఉలిక్కిపడింది.

ఈ దారిలో మనకన్నా ముందు నడిచిన దేశం బ్రిటన్. 1983 నుంచి అక్కడి ఆసుపత్రుల శుభ్రతకు టెండర్లు పిలవడం తప్పనిసరి చేశారు. 2010-14 మధ్య ఇంగ్లండ్‌లోని 126 ఆసుపత్రి ట్రస్టులను పరిశీలించిన అధ్యయనం, శుభ్రత పనిని బయటికిచ్చిన చోట ఖర్చు తగ్గిందనీ, మందులకు లొంగని ఎంఆర్‌ఎస్‌ఏ ఇన్‌ఫెక్షన్లు మాత్రం ఎక్కువగా ఉన్నాయనీ తేల్చింది. స్కాట్లాండ్ ప్రభుత్వం 2008లోనే ఆసుపత్రుల శుభ్రతకు కొత్త ప్రైవేటు కాంట్రాక్టులు ఇవ్వరాదని నిర్ణయించింది.

ఖర్చు తగ్గేది ఎక్కడ? మనుషులను సరఫరా చేసే టెండర్లలో కనీస వేతనం, పీఎఫ్, ఈఎస్ఐ అందరికీ ఒకటే. పోటీ అంతా ఏజెన్సీ సర్వీస్ ఛార్జీ మీదే. ప్రభుత్వ ఈ-మార్కెట్‌లో ఆ ఛార్జీని దాదాపు సున్నాకు దించి కోట్ చేసే పరిస్థితి రావడంతో, 2023లో కేంద్ర ఆర్థిక శాఖ కనీసం 3.85 శాతం ఉండాలని చెప్పాల్సివచ్చింది. లాభం లేకుండా ఏ వ్యాపారీ వందలమందిని పనిలో పెట్టడు. పైకి సున్నా చూపినవాడు ఆ డబ్బును మనుషుల లెక్కలోంచో, పీఎఫ్ లోంచో, ఫినాయిల్‌లో కలిపే నీళ్లలోంచో రాబట్టుకోవాలి. తక్కువ ధర చూసి మురిసిపోయే అధికారి ఈ చిన్న లెక్క వేసుకోకపోవడం క్షమించరానిది.

ఆంధ్రప్రదేశ్ ఒక మధ్యేమార్గం కూడా ప్రయత్నించింది. మధ్యవర్తులను తప్పించి, అవుట్‌సోర్సింగ్ ఉద్యోగులకు ఒకే ప్రభుత్వ సంస్థ ద్వారా నెలనెలా జీతం ఇవ్వడానికి 2020 జులై 3న ఆప్కాస్‌ను ప్రారంభించింది. ఉద్యోగం పర్మినెంటు కాలేదు, కానీ జీతం మేస్త్రీ చేతుల్లోంచి బయటపడింది. దాంతో బేరం ఎవరితో ఆడాలో కార్మికులకు స్పష్టమైంది. 2023 డిసెంబరు 26న మున్సిపల్ పారిశుద్ధ్య కార్మికులు సమ్మెకు దిగి, రెండు వారాలు నిలబడి, 15 వేల వేతనం, 6 వేల ఆరోగ్య భత్యం కలిపి 21 వేల రూపాయలను వేతనంగా సాధించుకున్నారు. ఎదుట కూర్చున్నది మంత్రుల బృందం, ఏజెన్సీలు కావు. ఆసుపత్రుల పారిశుద్ధ్యం మాత్రం మొత్తం పనిగానే టెండర్లమీద ఏజెన్సీలకు వెళుతూ వచ్చింది. కేజీహెచ్ కార్మికులకు ఆ బల్ల ఎదుట కుర్చీ లేదు.

స్టీల్ ప్లాంటులో 2024లో వేలాది కాంట్రాక్టు కార్మికుల గేటు పాసులు నిలిపివేయడం, ఆందోళన తర్వాత పునరుద్ధరించడం విశాఖ చూసింది. ఏళ్ల తరబడి అదే గేటు దాటినవారి హక్కు ఒక పాసు మీద ఆధారపడి ఉందని అప్పుడు తేలింది. అదే ఏడాది డిసెంబరు 20న సుప్రీంకోర్టు, ఫరీదాబాద్‌లోని కేంద్ర జల సంఘం కార్యాలయాన్ని ఏళ్ల తరబడి ఊడ్చి తొలగింపునకు గురైన మహిళల సర్వీసును క్రమబద్ధం చేయాలని ఆదేశించింది. నిత్యం ఉండే పనిని తాత్కాలికమని పేరుపెట్టి సాగదీయడాన్ని తప్పుపట్టింది.

కొత్త కోడ్‌లోనూ ఒక రక్షణ మిగిలింది. కాంట్రాక్టరు వేతనం ఇవ్వకపోతే ప్రధాన యజమాని తానే చెల్లించి, ఆ మొత్తాన్ని కాంట్రాక్టరు నుంచి రాబట్టుకోవాలి. 1970 చట్టంలోనూ ఈ నిబంధన ఉండేది, దాన్ని వాడిన ప్రభుత్వాసుపత్రులు అరుదు. జీతాలు పడిన రుజువు, పీఎఫ్ చలానా చూపాకే ఏజెన్సీ బిల్లు మంజూరు చేయాలని, నిర్ణీత తేదీ దాటితే ఆసుపత్రి ఖాతా నుంచే జీతం వేయాలని రాష్ట్ర ప్రభుత్వం తన నిబంధనల్లో రాయాలి. కేజీహెచ్ తదుపరి పారిశుద్ధ్య టెండరులో ఈ రెండు షరతులూ ఉండాలి.