ఇంటికి వచ్చు సరకు, ఊరినుండి పోవు ధనము

ఫోనుమీద వ్రేలు మోపిన అరగంటలో వండిన అన్నము వాకిటికి వచ్చుట పది పండ్రెండేండ్ల క్రిందట మహానగరముల విలాసముగ నుండెను. నేడది రహదారివెంట సూర్యాపేట, కోదాడలవరకును, రైలుదారివెంట మిర్యాలగూడవరకును వచ్చినది. రహదారికి ఎడముగ నున్న హుజూర్‌నగర్ వంటి పట్టణములకు సయితము పప్పు, సబ్బు, నూనె మొదలగు సరకులు పెట్టెలలో వచ్చి దిగుచున్నవి. ఈ సదుపాయము మంచిదా చెడ్డదా యని వాదించువారు కలరు. ఆ వాదముతో మాకు నిమిత్తము లేదు. దీని ఖర్చెంత, ఆ ఖర్చును భరించుచున్నవారెవరు, అది చేరుచున్నదెచటికి అను లెక్కయే మాకు ముఖ్యము.

ఆ లెక్కను హుజూర్‌నగర్‌నుండియే ఆరంభింపవచ్చును. 2025 మార్చి 30వ తేదిని, ఉగాదినాడు, రేషను దుకాణములద్వారా సన్నబియ్యమును పంచు పథకమును ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గారు ఈ పట్టణముననే ఆరంభించిరి. పౌరసరఫరాల మంత్రి ఉత్తమ్ కుమార్ రెడ్డి గారి నియోజకవర్గమిది. మనిషికి నెలకు ఆరు కిలోలు, ఉచితముగా. నలుగురున్న కుటుంబమునకు 24 కిలోలు. బజారులో కిలో 50 రూపాయల చొప్పున కొనవలసివచ్చిన 1,200 రూపాయల సరకు. దానిని దుకాణమునుండి మోసికొని వచ్చు శ్రమ మాత్రము కార్డుదారునిదే. రెండు నెలల పిమ్మట, జూన్ 1వ తేదిని, కృష్ణకు ఆవలియొడ్డున ఆంధ్రప్రదేశ ప్రభుత్వము వీథివీథికి తిరుగుచుండిన రేషను బండ్లను నిలిపివేసి, పంపిణీని మరల చౌకధరల దుకాణములకు అప్పగించెను. ఒక యొడ్డున దుకాణము కొత్త వన్నె దాల్చినది. రెండవ యొడ్డున ఇంటికి తెచ్చియిచ్చు ఏర్పాటు అంతరించినది. ఈ రెండింటిని పక్కపక్కన నిలిపి చూచినవారు మాకు కనబడలేదు.

ఆ బండ్ల చరిత్ర చిత్రమైనది. 2021 జనవరి 21వ తేదిని విజయవాడలో నాటి ముఖ్యమంత్రి జగన్మోహన రెడ్డి గారు 9,260 బండ్ల పథకమును ఆరంభించిరి. వానికైన వెల 539 కోట్లు. బండి నడుపువానికి నెలకు 16 వేల రూపాయలని మొదట అనుకొని, కొలదిదినములకే 21 వేలకు పెంచిరి. ఈ యంకెలను పట్టుకొని లెక్కింపుడు. నెలకు 19 కోట్లకు పైబడిన కిరాయి. రాష్ట్రమున కోటి నలువదియైదు లక్షల కార్డులు. అనగా కార్డునకు పదుమూడు రూపాయల చిల్లర. బండ్ల వెలను అవి తిరిగిన నాలుగేండ్ల నాలుగు నెలలకు పంచినచో మరి యేడు రూపాయలు. అంతయు కలిపి ఇంటికి నెలకు ఇరువది రూపాయలకు అటునిటు. నెల గ్రాసమును వీథిలోనికి చేర్చుటకు ఇది అధికమని మేమనజాలము.

మరి అది ఏల నిలువలేదు? బియ్యము దారి మళ్లుచున్నదని ప్రభుత్వము చెప్పిన కారణము. అది విచారణకు సంబంధించిన విషయము గనుక దానిని విడిచెదము. సామాన్యుడు చెప్పిన కారణము వేరు. బండి వచ్చు వేళకు కూలికి పోయిన ఆడుది ఇంట నుండదు. బండి మరల ఎప్పుడు వచ్చునో తెలియదు. పేరు ఇంటివద్ద పంపిణీయే గాని, పలుచోట్ల వీథిమొగలో నిలిచి వరుస కట్టవలసినదే. దుకాణమైనచో నెల మొదటి పక్షమున తనకు వీలైన పూట పోవచ్చును. ఐనను కొత్త ప్రభుత్వము ఒక వివేకమును చూపినది: అరువదియైదేండ్లు దాటిన వృద్ధులకును, వికలాంగులకును బియ్యమును ఇంటికే పంపు నియమమును ఉంచినది. కాళ్లున్నవారు దుకాణమునకు నడువవలయును. నడువలేనివారియొద్దకు దుకాణము నడువవలయును. ప్రయివేటు కంపెనీల సేవను తూచుటకును ఇంతకంటె మంచి త్రాసు లేదని మా యభిప్రాయము.

ఇక ఆ కంపెనీల లెక్క. హోటలులో 200 రూపాయలకు అమ్ము బిర్యానిని ఉదాహరణముగా గైకొందము. ఫోనులోని పట్టికలో దాని వెలను హోటలువారు 240గా వ్రాయుదురనుకొనుడు. కంపెనీకి ఈయవలసిన కమీషనును పూడ్చుకొనుటకు ఇట్లు పెంచుట వాడుకయైనది. దానిపై నూటికి 5 చొప్పున పన్ను 12. తెచ్చినందుకు 30, దానిపై నూటికి 18 చొప్పున 5 రూపాయల 40 పైసలు. ఈ పన్ను 2025 సెప్టెంబరు 22నుండి వచ్చినది. వేదిక రుసుము 12, దానిమీదను పన్ను 2 రూపాయల 16 పైసలు. మొత్తము 301 రూపాయల 56 పైసలు. హోటలుకు ముట్టినదెంత? 240లో నూటికి 25 కమీషనుగా పోయిన 60. కమీషనుపై పన్ను 10 రూపాయల 80 పైసలు. మిగిలినది 169 రూపాయల 20 పైసలు. తిన్నవాడు నూరు రూపాయలు ఎక్కువ ఇచ్చెను. వండినవాడు ముప్పది రూపాయలు తక్కువ పుచ్చుకొనెను. నడుమ నిలిచిన 132 రూపాయలలో 30 ప్రభుత్వమునకు, 102 కంపెనీకి. ఆ 102లోనుండియే తెచ్చిన కుఱ్ఱవాని కూలి రావలయును.

రాయితీలు కలవు గదా యని కొందరనవచ్చును. కలవు. కాని రాయితీ వల పన్నునప్పటి నూకలవంటిది. రుసుమైతే ఏటేట పెరుగునది. 2023లో ఈ రెండు పెద్ద కంపెనీలును, స్విగ్గి ఏప్రిలులోను జొమాటో ఆగస్టులోను, ఆర్డరునకు 2 రూపాయల వేదిక రుసుమును ప్రవేశపెట్టెను. రెండు రూపాయలను ఎవరు లెక్కింతురు? జొమాటోవారిది 2024 జూలైనాటికి 6, అక్టోబరునాటికి 10, 2025 సెప్టెంబరునాటికి 12 అయినది. బిర్యాని పరిమాణము మాత్రము పెరిగినట్లు మేము వినలేదు.

హోటలువారి మొర కొత్తది కాదు. కమీషను భారము మోయరానిదనియు, వేదికలో పక్షపాతము జరుగుచున్నదనియు జాతీయ హోటలుదారుల సంఘము ఫిర్యాదు చేయగా, పోటీ వ్యవహారముల కమీషను 2022 ఏప్రిలులో ఈ రెండు కంపెనీలపై విచారణకు ఆజ్ఞాపించెను. ఢిల్లీ, బొంబాయి హోటలుదారులకు సంఘమున్నది, వకీళ్లున్నారు. కోదాడ బస్సుస్టాండువద్ద నాలుగు బల్లలు వేసికొన్న టిఫిను హోటలువానికి ఏమున్నది? కంపెనీలో చేరకున్న గిరాకి తగ్గునను భయము. చేరిన లాభము తగ్గునను భయము.

కుఱ్ఱవాని సంగతి మరింత శోచనీయము. బండి వానిది, పెట్రోలు వానిది, కాలు విరిగిన ఆసుపత్రి ఖర్చు చాలవరకు వానిదే. లీటరు నూరు రూపాయలు దాటిన పెట్రోలుతో నలువదియైదు కిలోమీటర్లు నడచు బండిమీద, హోటలుకు పోయి, ఇంటికి పోయి, మరల కూడలికి వచ్చుసరికి ఆరు కిలోమీటర్లైనచో పెట్రోలుకే పదుమూడు, పదునాలుగు రూపాయలు. ముప్పది రూపాయలు చేతికి వచ్చినను సగము పొగయై పోవుచున్నది. నీతి ఆయోగు 2022 నివేదిక ప్రకారము 2020-21లో దేశమున ఇట్టి పనివారు 77 లక్షలు. 2029-30 నాటికి 2 కోట్ల 35 లక్షలగుదురని దాని అంచనా. 2025 డిసెంబరు 31న, పట్టణవాసులు విందులు చేసికొను రాత్రి, వీరిలో పలువురు దేశవ్యాప్తముగా సమ్మె చేసిరి. పది నిమిషములలో సరకు తెత్తుమను ప్రకటనను కేంద్ర కార్మికశాఖ ఒత్తిడిపై 2026 జనవరిలో బ్లింకిట్ విడిచిపెట్టెను. ప్రకటన తొలగిన మాత్రమున పరుగు తొలగునా యన్నది హైదరాబాదు కూడలులలో నిలిచి చూచువారికి తెలియగలదు.

ఈ రెండు లెక్కలను కలిపి చూచినచో అసలు కిటుకు బయటపడును. వీథి యంతటికి నెల సరకు మోసిన బండికి ఇంటికి ఇరువది రూపాయలు. ఒక్క పొట్లము మోసిన మోటారు సైకిలుకు ముప్పది, దానిపై కమీషను, దానిపై రుసుము. ఖరీదైనది సరకు ఇంటికి వచ్చుట కాదు. ఒక్క పొట్లముకొఱకు ఒక్క పయనము చేయుట. మన పాలవాడు దీనిని ఏనాడో గ్రహించెను. తెల్లవారుజామున ఒక్క చుట్టు తిరిగి నలువది యిండ్లకు పోయును. వాడు వేదిక రుసుము అడిగినట్లు ఎవరును వినలేదు.

కిరాణా కొట్టువారి పద్ధతియు అట్టిదే. నెల మొదట చీటి వ్రాసి పంపిన సాయంకాలమునకు సరకంతయు ఒక్కసారి ఇల్లు చేరును. పైగా ఖాతా యున్నది. సాగరు ఎడమకాలువ క్రింద వరి పండించు ఈ ప్రాంతమున, ధాన్యపు డబ్బు చేతికందువరకు మూడు నాలుగు నెలలు ఇల్లు గడచునది ఆ ఖాతాపుస్తకముమీదనే. పంట ఎండినయేడు ఏ ఫోనును అప్పు పెట్టదు. ఐనను కొట్టువారిని దేవతలను చేయుట మా యుద్దేశము కాదు. ఖాతాదారుడు వెల అడుగలేడు, తూకమును చూడలేడు. కట్టిన పొట్లముపై ముద్రించిన వెలకు మించి అమ్మరాదని చట్టమున్నది గాని, విడిగా తూచి ఇచ్చు పప్పు, మిర్చి, చింతపండులకు అట్టి హద్దు లేదు. అప్పుకు వడ్డీ లేదందురు; అది కందిపప్పు ధరలో దాగియుండవచ్చును. కంపెనీల పట్టికలవలన కలిగిన మేలొకటి కలదు: కొట్టువాడు చెప్పిన ధరను ఫోనులో సరిచూచుకొను ధైర్యము కొనువానికి వచ్చినది.

ధనము చేరుచున్నదెచటికి అను ప్రశ్న మిగిలినది. ఫ్లిప్‌కార్టులో అధికభాగమును 2018లో అమెరికాకు చెందిన వాల్‌మార్టు కొనెను, అమెజాను అమెరికాదే, స్విగ్గిలో పెద్ద వాటా నెదర్లాండ్సునుండి నడచు ప్రోసస్ అను సంస్థది. బిగ్‌బాస్కెట్టు 2021నుండి టాటాల వశము, జియోమార్టు అంబానీలది. కనుక స్వదేశి, విదేశి యను పాత గీటురాయి ఇచట కొంతవరకే పనిచేయును. కమీషను బొంబాయికి పోయినను, ఆమ్‌స్టర్‌డామునకు పోయినను, హుజూర్‌నగర్ బజారునకు తిరిగి రాదు. కొట్టువాని లాభము పక్క కొట్టులో బట్టలై, బడి ఫీజై, ఇంటి తాపీపనివాని కూలియై ఊరిలోనే తిరుగును. నూటికి 25 ఊరు దాటుచున్నదను మాటను మున్సిపాలిటీవారును, వర్తకసంఘములవారును శ్రద్ధతో ఆలోచింపవలయును.

అట్లని అందరును ఫోను కట్టిపెట్టవలెనని మేము చెప్పబోము. కొడుకు హైదరాబాదులో, కూతురు డల్లాసులో నుండగా పాత యింట ఇద్దరు ముసలివారే మిగిలిన గృహములు ఈ జిల్లాలో కొల్లలు. అచటనుండి కూతురు ఒక పూట భోజనము తెప్పించి పెట్టినచో, ఆ నూరు రూపాయలు దుబారా యనువాడు కఠినాత్ముడు. బాలింత యున్న యింట, జ్వరముతో పడకనెక్కిన యింట అంతే. కాని అరఫర్లాంగు దూరమున హోటలుండగా, కాళ్లుచేతులు చక్కగా నున్న యువకులు పకోడీలకై నూరు రూపాయలు అదనముగా నిచ్చుట వేరు సంగతి. వారానికి రెండుమార్లైనచో ఏడాదికి పదివేల నాలుగు వందలు. నలుగురున్న కుటుంబమునకు సన్నబియ్యమువలన ఏడాదికి మిగులు 14,400 రూపాయలలో మూడువంతులకు దగ్గరగా ఈ త్రోవనే పోవుచున్నది.

చేయదగిన పనులు లేకపోలేదు. ఫోను పట్టికలో హోటలు వెలను, కంపెనీ వెలను పక్కపక్కన చూపవలెనని ప్రభుత్వము విధింపవచ్చును. అప్పుడు కొనువాడు కన్నులు తెరచి కొనును. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి ప్రకారము కంపెనీలు తమ వార్షిక వ్యాపారములో నూటికి ఒకటినుండి రెండువరకు, పనివారికిచ్చు మొత్తములో నూటికి 5కు మించకుండ, వారి సంక్షేమనిధికి చెల్లింపవలసియున్నది. తెలంగాణ ప్రభుత్వము 2025 ఏప్రిలులో తన ముసాయిదాను ప్రజాభిప్రాయమునకై ప్రకటించెను. హైదరాబాదు కుఱ్ఱవానితోపాటు మిర్యాలగూడ కుఱ్ఱవాని పేరును ఆ పుస్తకమున నెక్కునట్లు జిల్లా కార్మికాధికారులు చూడవలయును. పట్టణములోని పది హోటలులవారు కలిసి, మధ్యాహ్నము రెండు చుట్లు, రాత్రి రెండు చుట్లు తిరుగు నలుగురు కుఱ్ఱవాండ్రను నెలజీతముపై పెట్టుకొనినచో, చుట్టునకు పదేసి పొట్లములు మోయుదురు గనుక ఒక్కొక్కదానికి పడు ఖర్చు తగ్గును. కమీషను ఊరు దాటదు. కిరాణా వర్తకసంఘములకును ఇదియే మార్గము. సూర్యాపేటలోనో కోదాడలోనో ఎవరైన పూనుకొని ఆరునెలలు నడిపి, లెక్కలు మాకు పంపినచో, లాభమైనను నష్టమైనను ఈ పుటలోనే ప్రకటింతుము.