రఫ్తార్ శౌఖ్ నీది, రోడ్డు అందరిది

2022 జనవరిలో ఒక వీడియో దునియా మొత్తం తిరిగింది. చెక్ దేశపు అమీర్ ఒకాయన తన బుగాటీ షిరాన్ కారుని జర్మనీ హైవే మీద గంటకు 417 కిలోమీటర్ల రఫ్తార్‌తో తోలాడు. మా మొహల్లా పిల్లల ఫోన్లలో అది ఇంకా తిరుగుతూనే ఉంది. "చాచా, అక్కడ లిమిటే లేదట!" అంటూ తెచ్చి చూపిస్తారు. ఆ కళ్లలో మెరుపు చూస్తే నాకు గుస్సా రాదు. రఫ్తార్ మీద మోజు గునా అని నేననను. హుజూర్ (స) మదీనాలో గుర్రప్పందేలు పెట్టించారని హదీసుల్లో ఉంది. ఆ రివాయత్‌లో నాకు నచ్చే సంగతి వేరే ఉంది. పందేనికి తయారు చేసిన గుర్రాలకు ఒక దూరం, తయారు చేయని వాటికి అంతకంటే చాలా తక్కువ దూరం. ఎక్కణ్ణుంచి ఎక్కడి దాకా అన్నది ముందే ఖరారు. శౌఖ్ ఉంది, దానికో మైదానం ఉంది, హద్దూ ఉంది.

పిల్లలు చెప్పేది సగం నిజం. ఆటోబాన్‌లో సుమారు 70 శాతం దూరానికి వేగ పరిమితి లేదు. మిగతా సగం వాళ్లకెవరూ చెప్పలేదు. 130 దాటొద్దని అక్కడ సర్కారీ సలహా ఉంది. దాటి ప్రమాదంలో ఇరుక్కుంటే, తప్పు ఎదుటివాడిదే అయినా నష్టపరిహారంలో కొంత భారం నీ మీద పడొచ్చు. ఆ రోడ్డు మీద నడిచే మనిషి ఉండడు, సైకిల్ ఉండదు, అడ్డరోడ్డు ఉండదు, 60 దాటి పోలేని బండిని రానే రానివ్వరు. అలాంటి రోడ్డు మీద కూడా 417 చూసి అక్కడి రవాణా శాఖ తప్పుపట్టింది, ప్రాసిక్యూటర్లు విచారణ జరిపారు. కేసు నిలవలేదు, ఆయన బచాయించాడు. అయినా సరే, శాబాష్ అని ఎవరూ అనలేదు.

ఇక మన వైజాగ్ సంగతి. లిమిట్ లేని రోడ్డు ఇక్కడ ఒక్క గజం కూడా లేదు. 2018లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ఎక్స్‌ప్రెస్‌వే మీద కారుకి గరిష్ఠం 120, డివైడర్ ఉన్న నాలుగు వరసల రోడ్డు మీద 100. మోటార్ సైకిల్‌కి ఆ రెండు చోట్లా 80 మాత్రమే. అయినా అర్ధరాత్రి దాటాక ఆర్కే బీచ్ నుంచి రుషికొండ మీదుగా భీమిలి దాకా సైలెన్సర్లు పీకిన బైకుల మోత వినని వాళ్లు మన ఊళ్లో తక్కువ. ఖాళీ రోడ్డు కదా, ఎవరికి నుక్సాన్ అంటారు. ఖాళీయా? తెల్లవారకుండానే వలలు భుజాన వేసుకుని రోడ్డు దాటే జాలరి ఉంటాడు. ఫజర్‌కి ముందే చీపురు పట్టుకుని దిగిన పారిశుద్ధ్య కార్మికురాలు ఉంటుంది. అటు గాజువాక, కూర్మన్నపాలెం వైపు వెళ్లండి, పోర్టు నుంచి బొగ్గు ఎత్తుకొచ్చిన లారీలు, స్టీల్ కాయిల్స్ ఎక్కించుకున్న ట్రెయిలర్లు, వెనక లైటు లేకుండా పక్కన ఆగిపోయిన బండి, నైట్ షిఫ్ట్ దిగి నిద్రమత్తులో స్కూటర్ మీద ఇంటికెళ్లే ప్లాంటు కార్మికుడు. ఇది ఉక్కు నగరం, ఇక్కడి రోడ్డు నిద్రపోదు.

లెక్క వేసి చూడండి. గంటకు 60లో వెళ్లే కారు, ఎదుట ఏదో కనిపించి బ్రేకు మీద కాలు పడేలోపు ఒక సెకను పోయిందనుకుంటే, పొడి రోడ్డు మీద పూర్తిగా ఆగడానికి సుమారు 37 మీటర్లు కావాలి. 120లో సుమారు 112. 160లో 185. డిప్ లైటులో మనకు బాగా కనిపించేది మహా అయితే యాభై, అరవై మీటర్లు. మిగిలిన దూరమంతా కళ్లు మూసుకుని తోలినట్టే. వేగం రెట్టింపైతే దెబ్బలో బలం నాలుగు రెట్లు. దీనికి డ్రైవరు ఎంత ఉస్తాద్ అన్నదానితో పని లేదు.

"నా జాన్, నా ఇష్టం" అనే జవాబు నేను చాలాసార్లు విన్నాను. అది ఒప్పుకోను. మన దీన్‌లో హుకూకుల్ ఇబాద్ అని ఒకటుంది, తోటి మనుషుల హక్కు. అల్లాహ్‌కి బాకీ పడ్డ నమాజుకి తౌబా ఉంది, మనిషికి బాకీ పడ్డదాన్ని ఆ మనిషే మాఫ్ చేయాలి. ఆ జాలరినీ, ఆ స్కూటర్ మనిషినీ నీ పందెంలో ఎవరు చేర్చారు? వాళ్ల ఇజాజత్ ఎప్పుడు అడిగావు?

పిల్లల కన్నా నాకు పెద్దల మీద ఎక్కువ ఫిర్యాదు. మొన్నొక వలీమాలో బిర్యానీ దగ్గర ఒక పెద్దమనిషి ఫఖ్ర్‌గా చెబుతున్నాడు, మావాడు బీచ్ నుంచి రుషికొండకి ఎనిమిది నిమిషాల్లో వెళ్లాడని. చుట్టూ ఉన్నవాళ్లు మాషాఅల్లాహ్ అన్నారు. సుమారు పది కిలోమీటర్లు అది, మధ్యలో ఎన్ని మలుపులో, ఎన్ని జంక్షన్లో మనకు తెలుసు. ఆ మాషాఅల్లాహ్ ఆ కుర్రాడి చెవిన పడితే రేపు ఏడు నిమిషాలంటాడు. 2011 సెప్టెంబరులో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద 1000 సీసీ బైకు ప్రమాదంలో మన అజహరుద్దీన్ గారి చిన్న కొడుకు పోయాడు, పందొమ్మిదేళ్లు. వెనక కూర్చున్న బంధువుల అబ్బాయి ఇంకా చిన్నవాడు. ఆ కుటుంబానికి డబ్బు లేకనా, పేరు లేకనా, పెద్ద డాక్టర్లు దొరకకనా? ఆ వారంలో మన ఇళ్లన్నీ ఏడ్చాయి. ఏడ్చి, తర్వాత మళ్లీ బండి తాళాలు ఇచ్చాయి.

షబే బరాత్ సంగతి మరీ శరమ్. ఇబాదత్ రాత్రి అది. హైదరాబాద్‌లో ఆ రాత్రి పోలీసులు ఫ్లైఓవర్లు మూసేస్తారు, మన పిల్లల కోసమే. మస్జిద్ నుంచి ఖబరస్తాన్‌కి వెళ్లొస్తామని చెప్పి బయల్దేరిన బచ్చా ముగ్గుర్ని ఎక్కించుకుని ఎక్కడ తిరుగుతున్నాడో ఆ రాత్రి ఒక్క ఫోన్ చేసి అడగండి.

కానూన్ కూడా ఇప్పుడు మారింది. 2019 సవరణ తర్వాత నాబాలిగ్ పిల్లవాడు బండితో నేరం చేస్తే తండ్రిని లేదా బండి ఓనర్ని దోషిగా లెక్కిస్తారు. మూడేళ్ల వరకు జైలు, 25 వేల జుర్మానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ లేదు. తనకు తెలియకుండా జరిగిందని తండ్రే రుజువు చేసుకోవాలి. వలీమాలో నిమిషాలు లెక్కపెట్టిన అబ్బాజాన్ ఆ రుజువు ఎలా తెస్తాడు?

నిజంగా శౌఖ్ ఉన్నవాడికి దారి మూసుకుపోలేదు. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో రేస్ ట్రాక్ ఉంది, కోయంబత్తూరులో కారి స్పీడ్‌వే ఉంది. అక్కడ ఎదురుగా ఎవరూ రారు. పూర్తి హెల్మెట్, లెదర్ సూట్ లేకుండా బైకుని లోపలికి రానివ్వరు, పక్కనే అంబులెన్స్ సిద్ధంగా ఉంటుంది. రేసింగ్ నేర్పే ఉస్తాదులూ ఉన్నారు. వైజాగ్ నుంచి చెన్నైకి రైల్లో ఒక రాత్రి ప్రయాణం. ఖర్చవుతుంది, కాదనను. లక్షలు పోసి బైకు కొనిపెట్టిన ఇంట్లో ఆ ఖర్చు దొరక్కపోదు. మరీ కష్టమైతే ఈసారి వలీమాలో ఖుబానీ కా మీఠా ఒక్కటి మానేద్దాం, నేనేమీ అనుకోను.