మెల్లగా నడిపినా మత్తు మత్తే

యు.ఏ.ఇ.లో ఉన్న మన తెలుగువారిలో డ్రైవర్లు తక్కువేమీ కాదు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుండి హెల్పర్లుగా వచ్చి, కూడబెట్టిన డబ్బుతో లైసెన్సు సంపాదించి, పికప్పు నుండి బస్సుకు, బస్సు నుండి ట్రెయిలర్‌కు ఎదిగినవారు ఎందరో ఉన్నారు. సోనాపూర్, అల్ కూజ్, ముసఫ్ఫా క్యాంపుల నుండి తెల్లవారకముందే మనవాళ్ళను సైట్లకు చేర్చేది వీరే. మేము కంపెనీ ఆఫీసుల్లో వీరి లైసెన్సు రెన్యువల్ కాగితాలు, యాక్సిడెంటు రిపోర్టులు, ఇన్సూరెన్సు ఫైళ్ళు చూసే గుమాస్తాలం. స్టీరింగ్ పట్టనివారికి డ్రైవింగ్ గురించి ఏం తెలుసని ఎవరైనా అడగవచ్చు. నడపడం వారి పని, నిజమే. ఏదైనా జరిగితే కాగితాలు వచ్చేది మాత్రం మా టేబుల్ మీదికే.

మందు తాగి బండి నడపకూడదని ఇప్పుడు ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు. గంజాయి దగ్గరికి వచ్చేసరికి మాట మారుతుంది. "మందు గొడితే స్పీడ్ వెరుగుతది అన్నా, గంజాయి తాగినోడు మెల్లగ పోతడు, దానితోని ఏం గాదు" అనే మాట రూముల్లో మేము చాలాసార్లు విన్నాము. మన దగ్గర హైవే మీద లారీ నడిపి వచ్చినవారు దీన్ని మరీ గట్టిగా నమ్ముతారు. అక్కడ పోలీసులు నోట్లో పెట్టి ఊదించే మిషన్ మందును పడుతుంది గానీ గంజాయిని పట్టదు. దొరకలేదు కాబట్టి తప్పు కాదన్న ధీమా అక్కడే మొదలవుతుంది.

ఈ మాటలో సగం నిజం ఉంది, చిక్కంతా అక్కడే. గంజాయి తాగినవారు వేగం తగ్గిస్తారని, ముందు బండికి దూరం ఎక్కువ వదులుతారని పరిశోధనల్లోనూ కనిపించింది. కాని మెల్లగా పోవడం వేరు, బండి అదుపులో ఉండడం వేరు. లేన్ లోపలే బండి అటూ ఇటూ ఊగుతుంది. అద్దం చూడడం, ఎగ్జిట్ బోర్డు చదవడం, పక్క నుండి దూసుకొచ్చే ల్యాండ్ క్రూజర్‌ను గమనించడం ఒకేసారి చేయాల్సి వచ్చినప్పుడు బుర్ర వెనకబడుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. బ్రేకు మీద కాలు అర సెకను ఆలస్యంగా పడితే బండి మరో 14 మీటర్లు ముందుకు పోతుంది. మన లేబర్ బస్సు పొడవు కూడా అంత ఉండదు.

అమెరికాలో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు 2022లో ఒక పరిశోధన ప్రచురించారు. గంజాయి అలవాటున్న 191 మందిలో కొందరికి అసలు గంజాయి, కొందరికి మత్తు లేనిది ఇచ్చి, బండి నడిపినట్టే ఉండే సిమ్యులేటర్ మీద కూర్చోబెట్టారు. అసలుది తాగినవారి డ్రైవింగ్ అరగంటకే దెబ్బతింది. గంటన్నర అయ్యేసరికి వారిలో చాలామందికి ఇక నడపగలమన్న ధైర్యం వచ్చింది. డ్రైవింగ్ మాత్రం ఏమీ బాగుపడలేదు. ఆ తేడా పోవడానికి నాలుగున్నర గంటలు పట్టింది. మత్తు కంటే, మత్తు దిగిందన్న ఈ భ్రమే మమ్మల్ని ఎక్కువ భయపెడుతోంది. మందు తాగినవాడు తూలుతాడు, వాసన వస్తాడు, పక్కవాడైనా తాళం చెవి లాక్కుంటాడు. గంజాయి తాగినవాడు నిమ్మళంగా వచ్చి సీట్లో కూర్చుంటాడు. లడ్డూలోనో చాక్లెట్‌లోనో తింటే మత్తు ఆలస్యంగా ఎక్కుతుంది, ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. దాని మీద రెండు పెగ్గులు పడ్డాయంటే చెప్పనే అక్కరలేదు.

మత్తు దిగినా ఆనవాలు దిగదు. గంజాయిలోని పదార్థం ఒంట్లోని కొవ్వులో చేరి మెల్లగా బయటకు వస్తుంది. ఎప్పుడో ఒకసారి తాగినవారి మూత్రంలో కొద్ది రోజులు, రోజూ తాగేవారి మూత్రంలో వారాల తరబడి కనిపిస్తుంది. సెలవుకు ఊరికి పోయి, దోస్తులతో కూర్చొని, వచ్చిన వారంలోనే డ్యూటీ ఎక్కేవారు ఇది గుర్తు పెట్టుకోవాలి. ఎక్కడ తాగావో, ఎప్పుడు తాగావో ఆ సీసా చెప్పదు.

"ఇక్కడ చట్టం సడలించారట కదా" అని ఈమధ్య కొందరు అంటున్నారు. ఇదీ సగమే నిజం. 1995 చట్టం ప్రకారం మత్తుపదార్థం వాడితే కనీసం నాలుగేళ్ళ జైలు. 2008లో దుబాయి విమానాశ్రయంలో ఒక బ్రిటన్ ప్రయాణికుడి బూటు అడుగున అంటుకున్న 0.003 గ్రాముల గంజాయికి ఆ నాలుగేళ్ళూ పడ్డాయి. తరువాత క్షమాభిక్షతో బయటపడ్డాడు. 2016లో ఆ శిక్షను తగ్గించారు. 2021లో కొత్త చట్టం వచ్చి, మొదటిసారి దొరికినవారికి కనీసం మూడు నెలల జైలు లేదా 20,000 నుండి 1,00,000 దిర్హాముల జరిమానా అన్నది. విదేశీయులమైన మనకు దేశం నుండి పంపివేసే భయం దీనికి తోడుగా ఉండనే ఉంది. స్టీరింగ్ దగ్గర మాత్రం చట్టం మెత్తబడలేదు. 2025 మార్చి 29 నుండి అమలైన ట్రాఫిక్ చట్టంలో మందు తాగి నడిపితే జరిమానా 20,000 దిర్హాముల నుండి మొదలైతే, మత్తుపదార్థాలతో నడిపితే 30,000 నుండి 2,00,000 వరకు ఉంది. జైలు కూడా పడవచ్చు. మొదటిసారికే ఆరు నెలలు లైసెన్సు పోతుంది. వాడేవాడిని కొంతవరకు రోగిగా చూడవచ్చు, బస్సు నడిపేవాడిని అలా చూడలేం అన్నది ఇందులో మాకు కనిపించిన అర్థం. మా మట్టుకు మాకు అది న్యాయంగానే తోస్తోంది.

నెలకు 2,000 దిర్హాముల జీతగాడికి 30,000 అంటే పదిహేను నెలల జీతం. ప్రాణం పోతే లెక్క వేరు. మత్తులో నడిపి ఒకరి చావుకు కారణమైతే కనీసం ఏడాది జైలు, లక్ష దిర్హాములకు తగ్గని జరిమానా. చనిపోయినవారి కుటుంబానికి దియా 2,00,000 దిర్హాములు. ఇన్సూరెన్సు ఉంది కదా అంటారు. పాలసీ కాగితం చివరిదాకా చదివేవారు తక్కువ, మాకు అది రోజూ పని కనుక చెబుతున్నాము. డ్రైవర్ మత్తులో ఉన్నాడని తేలితే, బాధితులకు కట్టిన సొమ్మును తిరిగి రాబట్టుకునే హక్కు ఇన్సూరెన్సు కంపెనీకి ఉంటుంది.

2019 జూన్ 6న మస్కట్ నుండి దుబాయి వచ్చిన బస్సు రషీదియా దగ్గర ఎత్తు హెచ్చరిక కమ్మీకి గుద్దుకొని 17 మంది చనిపోయారు, అందులో 12 మంది భారతీయులు. అది మత్తు కేసు కాదు. ఒక బోర్డును, ఒక కమ్మీని సమయానికి గమనించకపోతే ఏమవుతుందో చెప్పడానికే గుర్తు చేస్తున్నాము. గంజాయి మొదట దెబ్బకొట్టేది సరిగ్గా ఆ గమనింపునే.

తప్పంతా డ్రైవర్ మీద వేసి చేతులు దులుపుకోవడం కూడా మాకు ఇష్టం లేదు. కార్మిక చట్టం రోజుకు ఎనిమిది గంటల పని, మామూలుగా రెండు గంటలకు మించని ఓవర్‌టైమ్ అంటుంది. పొద్దున నాలుగింటికి మొదటి ట్రిప్పు, రాత్రి పదింటికి ఆఖరి ట్రిప్పు, నడుమ బస్సు సీట్లోనే కునుకు తీసే డ్రైవర్ల గురించి తెలియనిదెవరికి? నిద్ర పట్టక ఒకడు, ఒళ్ళునొప్పులకు ఒకడు, ఇంటి బెంగతో ఒకడు మత్తు వెతుక్కుంటాడు. డ్యూటీ షీటు తయారుచేసే గుమాస్తాలు, సంతకం పెట్టే మేనేజర్లు కూడా దీనికి జవాబుదారులే.

అలవాటు నుండి బయటపడాలనుకునేవారికి చట్టంలోనే ఒక దారి ఉంది. పట్టుబడకముందే తనంతట తాను చికిత్స కోసం వెళ్ళినవారి మీద, లేదా భార్యో దగ్గరి బంధువులో తీసుకువెళ్ళి అప్పగించినవారి మీద కేసు పెట్టకూడదని 2021 చట్టం చెబుతోంది. అడగడానికి మొహమాటమైతే ముందు దుబాయిలోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం వారిని సలహా అడగవచ్చు. రూమ్మేటు ఆ బంధువుల జాబితాలో లేడు. అయినా అతని చేతిలో ఉన్న పని ఒకటి ఉంది. రాత్రి తాగిన తమ్ముడు పొద్దున తాళం చెవి తీస్తుంటే ఆపి, సూపర్‌వైజర్‌కు ఫోన్ చేయించి, ఒంట్లో బాగాలేదు, వేరే డ్రైవర్‌ను పంపండి అని చెప్పించవచ్చు. ఒక రోజు జీతం కట్ అవుతుంది.