వడపోత సరే, వడ్డన ఏదీ?

మిర్యాలగూడ మిల్లుల్లో హమాలీ పనికి పోయే కుటుంబాల్లో చాలావరకు ఇంటికి ఒకటే స్మార్ట్‌ఫోన్. పగలంతా అది తండ్రి జేబులో ఉంటుంది, పొద్దుగూకాక పిల్లల చేతికొస్తుంది. బడిలో ఇచ్చిన ప్రాజెక్టు పని, స్నేహితుల మెసేజ్‌లు, రీల్స్ అన్నీ అందులోనే. సూర్యాపేట, కోదాడల్లోనూ ఇదే తీరు. పిల్లలకు సురక్షితమైన ఇంటర్నెట్ గురించి మాట్లాడేవారు ముందుగా గమనించాల్సింది ఈ ఉమ్మడి ఫోన్‌ని. కంపెనీల ఏర్పాట్లూ, మన చట్టాలూ పిల్లలకు విడిగా ఒక ఫోనో ఖాతానో ఉంటుందన్న లెక్కతో తయారయ్యాయి.

గూగుల్ సేఫ్‌సెర్చ్‌నే తీసుకుందాం. పద్దెనిమిదేళ్లలోపు వారి ఖాతాతో లాగిన్ అయితే అసభ్య ఫలితాలను ఆపే ఫిల్టర్ దానంతటదే పనిచేస్తుంది. పెద్దల ఖాతాలో మాత్రం మామూలుగా అలాంటి చిత్రాలను మసకబారుస్తుందే తప్ప రాతలనూ లింకులనూ ఆపదు. నలభై ఏళ్ల తండ్రి ఖాతాలో పన్నెండేళ్ల కూతురు వెతికితే గూగుల్ లెక్కలో వెతుకుతున్నది నలభై ఏళ్ల మనిషి. రక్షణ ఉంది, కానీ అది ఎవరి కోసమో వారికే అందడం లేదు.

ముప్పు చిన్నదేమీ కాదు. గ్రామీణ భారతంపై అసర్-2024 సర్వే ప్రకారం 14-16 ఏళ్ల పిల్లల్లో 82 శాతానికి పైగా స్మార్ట్‌ఫోన్ వాడగలరు. వారిలో సర్వేకు ముందు వారంలో చదువు పనికి దాన్ని వాడినవారు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవారు 76 శాతం. సోషల్ మీడియా వాడే పిల్లల్లో ఇబ్బంది పెట్టే ప్రొఫైల్‌ను బ్లాక్ చేయడమో, దానిపై ఫిర్యాదు చేయడమో తెలిసినవారు 62 శాతమే.

పిల్లల కోసం ప్రత్యేక సెర్చ్ అన్న ఆలోచన కొత్తది కాదు. అమెరికాలో యాహూ 1996లోనే ‘యాహూలిగన్స్’ తెరిచింది. మరుసటి ఏడాది జర్మనీలో ‘బ్లిండె కూ’ వచ్చింది. 2014లో వచ్చిన ‘కిడిల్’ గూగుల్ సాంకేతికతను వాడుకుంటుంది గానీ గూగుల్ సంస్థది కాదు. వీటన్నిటి వెనుకా ఉన్న పద్ధతులు రెండే. మొదటిది వడపోత: ఇంటర్నెట్ మొత్తాన్ని వెతికి చెడ్డవి తీసేయడం. రెండోది ఎంపిక: మనుషులు చూసి మంచివని తేల్చిన సైట్లలో మాత్రమే వెతకనివ్వడం. కిడిల్ రెండింటినీ కలిపి నడుపుతుంది. మొదటి ఫలితాలు మనుషులు ఎంచినవి, కింద వచ్చేవి వడపోసినవి.

వడపోతకు రెండు లోపాలున్నాయి. ఒకటి, ఆపకూడనివి ఆపడం. పిల్లలకు పనికొచ్చే మాటలనూ నిషేధిస్తోందని 2016లో కిడిల్ విమర్శల పాలైంది. మన పదో తరగతి జీవశాస్త్రంలో ప్రత్యుత్పత్తి పాఠం ఉంది. దానికి సంబంధించిన మాటలను అడ్డుకునే ఫిల్టర్ పిల్లల చదువుకే అడ్డు. రెండోది, ఆపాల్సినవి వదిలేయడం. సేఫ్‌సెర్చ్ చూసేది అసభ్యత, రక్తపాతం వంటివాటినే. తప్పుడు వైద్యం, కులద్వేషం, సులువుగా డబ్బు సంపాదించవచ్చనే ఆశ దాని పరిధిలోకి రావు. పైగా మన పిల్లలు ఒకే తెలుగు మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో నాలుగైదు రకాలుగా టైప్ చేస్తారు, లేదా మైకు నొక్కి మాట్లాడతారు. ఇంగ్లిష్‌ను దృష్టిలో పెట్టుకుని కట్టిన జల్లెడకు ఈ తెలుగు పూర్తిగా చిక్కదు.

చట్టం సంగతీ అంతే. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు వారిని పిల్లలుగానే చూస్తుంది. వారి సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల ధ్రువీకృత అంగీకారం కావాలంటుంది. వారిపై నిఘా పెట్టి ప్రకటనలు గురిపెట్టడాన్ని నిషేధిస్తుంది. 2025 నవంబరులో నియమాలూ వెలువడ్డాయి. కానీ ఫోన్ నాన్నది, ఖాతా నాన్నది అయినప్పుడు ఆ తెర ముందున్నది పసిపిల్ల అని కంపెనీకి తెలిసేదెలా? సేఫ్‌సెర్చ్‌కు కనబడని పిల్ల చట్టానికీ కనబడదు.

కాబట్టి తెలుగు పిల్లలకు నిజంగా పనికొచ్చేది ఎంపిక పద్ధతే. ఎవరి ఖాతాలో తెరిచినా అది ఒకేలా పనిచేస్తుంది. జర్మనీలో 2007లో మొదలైన ‘ఫ్రాగ్‌ఫిన్’ ఇలాంటిదే. మీడియా విద్యలో నిపుణులు పరిశీలించిన సైట్ల జాబితాయే దానికి పునాది. తెలుగులో అలాంటి పోర్టల్‌కు సరుకు లేకపోలేదు. పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌లు దీక్షా వేదికకు తీసుకెళ్తాయి. కోవిడ్ కాలంలో, 2020 సెప్టెంబరు నుంచి పాఠాలు చెప్పిన టీ-శాట్ ఉంది. హైదరాబాద్ సీ-డాక్ రూపొందించిన వికాస్‌పీడియా ఉంది. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో లక్షకు పైగా వ్యాసాలున్నాయి. అయితే ఇవన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరి బౌద్ధ క్షేత్రం గురించి ఏడో తరగతి పిల్లవాడు అడిగితే, వాడి స్థాయికి తగిన తెలుగులో నమ్మదగిన జవాబును మొదటి వరసలో చూపే ద్వారం ఒక్కటీ లేదు.

ఎంచి ఇచ్చే సంప్రదాయం ఈ నేలకు కొత్త కాదు. సూర్యాపేట, కోదాడల మధ్య ఉన్న మునగాల సంస్థానంలో దివానుగా పనిచేసిన కొమర్రాజు లక్ష్మణరావు 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి నెలకొల్పారు. చరిత్రనూ విజ్ఞానశాస్త్రాలనూ మామూలు పాఠకుడికి తెలుగులో అందించడమే దాని పని. ఆ తర్వాత ఆయన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం తలపెట్టి, మూడు సంపుటాలు తెచ్చి, 1923లో కన్నుమూశారు. చెడ్డ పుస్తకాలు చదవొద్దని ఊరూరా చెప్పుకుంటూ తిరగలేదు, మంచి పుస్తకాలు వేశారు.

అలాంటి ఎంపిక పోర్టల్ వచ్చేలోగా చేయదగినవి రెండున్నాయి. తల్లిదండ్రులు తమ ఖాతాలోనే సేఫ్‌సెర్చ్‌ను ‘ఫిల్టర్’కు మార్చుకోవాలి. నిమిషం పని, పైసా ఖర్చు లేదు. బడుల్లోని కంప్యూటర్ గదుల్లో, గ్రంథాలయాల్లో, నెట్ సెంటర్లలో క్లౌడ్‌ఫ్లేర్ 2020 నుంచి ఉచితంగా ఇస్తున్న 1.1.1.3 వంటి కుటుంబ డీఎన్ఎస్ పెడితే అశ్లీల సైట్లు నెట్‌వర్క్ దగ్గరే ఆగిపోతాయి. ఫోన్ ఎవరిది, ఖాతా ఎవరిది అన్న ప్రశ్న అక్కడ రాదు.

అసలు పని ప్రభుత్వానిది. పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎస్‌సీఈఆర్‌టీయే తరగతుల వారీగా పరిశీలించిన తెలుగు సైట్లు, వీడియోల జాబితాతో పిల్లల పోర్టల్ తేవాలి. ఏటా దాన్ని సవరించాలి. ఎంపిక భారాన్ని ఉపాధ్యాయులకు అప్పగించి, అందుకు స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లోనే సమయం కేటాయించాలి. మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ మండలాలతో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టినా చాలు. పిల్లల చేతిలోంచి ఫోన్ లాక్కోవడం ఇక కుదిరే పని కాదు. చెడును వడకట్టడంతో ఆగకుండా మంచిని వారి భాషలో వడ్డించడమే మిగిలిన మార్గం. ఆ బాధ్యతను కంపెనీలకు వదిలేసినంత కాలం మన పిల్లలు పెద్దల ఖాతాల్లో, పెద్దల ఇంటర్నెట్‌లోనే తిరుగుతుంటారు.