ముందు ఊపిరి లెక్కపెట్టండి

ఏజెన్సీలో దగ్గూ జ్వరమూ వచ్చిన మనిషిని ఇప్పుడు మొదట అడుగుతున్న మాట: "స్కాన్ తీయించారా?" ఈ మాట కరోనా కాలంలో వచ్చింది. కరోనా తగ్గినా మాట పోలేదు. సూది వేసే ఆర్‌ఎంపీ అడుగుతాడు, పట్నంలో ల్యాబు వాళ్లు అడుగుతారు, చదువుకున్న మన పిల్లలూ అడుగుతున్నారు. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడు, డొక్కలు ఎగరేస్తున్నాడా, నాలుగడుగులు వేస్తే ఆయాసపడుతున్నాడా అని అడిగేవాళ్లే తగ్గిపోయారు. ముందు జరగాల్సింది వెనక్కి పోయింది, వెనక జరగాల్సింది ముందుకొచ్చింది. దీనివల్ల ఎక్కువ నష్టపోతున్నది మనమే.

స్కాన్ వద్దని నేను అనడం లేదు. అడవి గాలి పీల్చేవాళ్లకు కరోనా రాదని, ఆకుపసరు చాలని 2020లో చెప్పినవాళ్లు మనలోనూ ఉన్నారు, మనల్ని పొగిడే బయటివాళ్లలోనూ ఉన్నారు. ఆ మాట అబద్ధం. మన ఊపిరితిత్తులు వేరే మట్టితో చేసినవి కావు. యంత్రం ఏ ప్రశ్నకు జవాబు చెబుతుందో తెలుసుకుని వాడమనే నేను అంటున్నాను.

సీటీ స్కోరు ఎలా వస్తుందో చూద్దాం. ఊపిరితిత్తులకు కుడివైపు మూడు, ఎడమవైపు రెండు, మొత్తం ఐదు భాగాలు. మచ్చ పరుచుకున్న మేరను బట్టి ఒక్కో భాగానికి 5 దాకా మార్కులు వేసి, మొత్తం 25కి లెక్క కడతారు. అంటే అది మచ్చ ఎంత మేర ఉందో చెప్పే లెక్క. రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉందో ఆ బొమ్మ చెప్పదు. జబ్బు మొదలైన రెండు మూడు రోజుల్లో స్కాన్ శుభ్రంగా రావచ్చు, తర్వాత మనిషి దిగజారవచ్చు. ఏ బాధా లేనివాళ్లలో మచ్చలు కనపడి, మందు లేకుండానే పోవచ్చు. అందుకే బాధలేవీ లేనివాళ్లకు కరోనా ఉందో లేదో తేల్చడానికి ఛాతీ బొమ్మలు వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 జూన్‌లోనే సూచించింది.

మన దేశంలో ఎయిమ్స్, ఐసీఎంఆర్ 2021 ఏప్రిల్‌లో ఇచ్చిన మార్గదర్శకాలు ఇంకా సూటిగా ఉన్నాయి. జబ్బు తీవ్రతను వాళ్లు ఊపిరితోనే విభజించారు. ఆయాసం లేకపోతే స్వల్పం. నిమిషానికి 24 సార్లో అంతకన్నా ఎక్కువో ఊపిరి తీస్తున్నా, ఆక్సిజన్ 90 నుంచి 93 మధ్య ఉన్నా మధ్యస్థం. ఊపిరి 30 దాటినా, ఆక్సిజన్ 90 కన్నా తగ్గినా తీవ్రం. మధ్యస్థంగా ఉన్నవాళ్లకు ఎక్స్‌రే తీస్తూ చూడాలి, పరిస్థితి దిగజారితేనే సీటీ తీయాలి అని రాశారు. కానీ అదే రోజుల్లో కాగితం మీద స్కోరు ఎంతో చూశాకే మంచం మాట ఎత్తిన చోట్లు ఉన్నాయి. స్కోరు లేని గూడెం మనిషి ఆయాసపడుతూ గేటు దగ్గరే ఆగిపోయాడు.

2021 మే నెలలో ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా ఒక సీటీ 300-400 ఎక్స్‌రేలతో సమానం అన్నారు. ఆ లెక్క పాతకాలపు యంత్రాలదని రేడియాలజిస్టుల సంఘం కొట్టిపారేసింది. దేశమంతా ఆ అంకె మీదే వాదించుకుంది. ఆయన చెప్పిన అసలు మాట మాత్రం ఎవరికీ పట్టలేదు: స్వల్ప జబ్బుకు సీటీ, రక్త పరీక్షలు అక్కర్లేదు, వాటిని చూసి అనవసరమైన మందులు మొదలుపెడితే కీడే ఎక్కువ. ఆ కీడు ఏమిటో స్టెరాయిడ్ విషయంలో కళ్లారా చూశాం. బ్రిటన్‌లో 2020లో జరిగిన పెద్ద పరిశోధనలో డెక్సామెథాసోన్ వెంటిలేటర్ మీదున్నవాళ్ల మరణాలను మూడో వంతు, ఆక్సిజన్ మీదున్నవాళ్ల మరణాలను ఐదో వంతు తగ్గించింది. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు మాత్రం ఏ మేలూ చేయలేదు. కాబట్టి ఆ మందు ఎవరికి ఇవ్వాలో చెప్పాల్సింది ఆక్సిజన్. సీఆర్పీ పెరిగిందనో, స్కోరు 8 వచ్చిందనో స్టెరాయిడ్ ఇస్తే అది వైద్యం కాదు.

ఇక రక్త పరీక్షలు. సీఆర్పీ, డీ-డైమర్, ఫెరిటిన్, ఎల్‌డీహెచ్ అని ఒక కట్టగా రాసిస్తారు. ఇవేవీ వైరస్‌ను గుర్తుపట్టవు. ఒంట్లో ఎక్కడో మంట ఉందని, రక్తం గడ్డకట్టి కరుగుతోందని, కణాలు చితుకుతున్నాయని మాత్రమే చెబుతాయి. సీఆర్పీ మలేరియాలోనూ పెరుగుతుంది. డీ-డైమర్ గర్భిణికి మామూలుగానే పెరుగుతుంది. సికిల్‌సెల్ ఉన్న మనిషికి ఎర్రకణాలు రోజూ చితుకుతూనే ఉంటాయి కాబట్టి జ్వరం లేని రోజున కూడా ఎల్‌డీహెచ్ ఎక్కువే ఉంటుంది. పలుమార్లు రక్తం ఎక్కించుకున్నవాళ్లకు ఫెరిటిన్ ఎక్కువ. ఇనుము లోపించిన తల్లికి అదే ఫెరిటిన్ తక్కువగా కనబడి, ఏమీ లేదని మోసం చేస్తుంది. పాత టీబీ మచ్చ ఉన్న ఛాతీని చదివేటప్పుడు ఆ సంగతి చెప్పేవాళ్లు పక్కన ఉండాలి. మలేరియా, టీబీ, రక్తహీనత, సికిల్‌సెల్ అన్నీ మన గూడేల్లో ఉన్నవే. వాటిని అడగకుండా రిపోర్టులో నల్లగా అచ్చయిన అంకెను చూసి భయపెట్టడం పరీక్ష కాదు.

అసలు అన్యాయం మరొకటి ఉంది. సికిల్‌సెల్ ఉన్న పిల్లవాడికి ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్ వస్తే అక్కడి రక్తనాళాల్లో కణాలు ఇరుక్కుని గంటల్లో ప్రాణం మీదికి రావచ్చు. జ్వరం, ఛాతీనొప్పి, ఆయాసం కనబడగానే వాడికి ఎక్స్‌రే, రక్త పరీక్షలు వెంటనే కావాలి. అవి అందని దూరంలో వాడుంటాడు. పట్నంలో ఆక్సిజన్ 98 ఉన్న మనిషి రెండుసార్లు సీటీ తీయించుకుంటాడు. అవసరం లేనిచోట యంత్రం తిరుగుతుంది, అవసరమైనచోట యంత్రమే ఉండదు.

ఖర్చు సంగతి. తెలంగాణ ప్రభుత్వం 2021 జూన్‌లో, రెండో అల తగ్గుముఖం పట్టాక, ప్రైవేటు ఆసుపత్రులకు గరిష్ఠ ధరలు కట్టింది. సీటీ 1,995 రూపాయలు, ఐఎల్-6 1,300, సీఆర్పీ 500, ఫెరిటిన్ 400, డీ-డైమర్ 300, ఎల్‌డీహెచ్ 140. మొత్తం 4,635. ఆ ఏడాది ఉపాధి హామీ కూలి రోజుకు 245. అంటే దాదాపు పంతొమ్మిది రోజుల కూలి. ఇందులో బండి కిరాయి లేదు, తోడు వచ్చినవాళ్ల తిండి లేదు, పోయిన పని లేదు.

దీనికి బదులు ఊళ్లో ఏం చేయగలమో చూడండి. గడియారం పెట్టుకుని నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టడం ఐదో తరగతి పిల్లవాడికి కూడా నేర్పవచ్చు. రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు బిడ్డకు 40 సార్లో అంతకన్నా ఎక్కువో ఉంటే నెమ్ముగా అనుమానించాలని ఆశా కార్యకర్తలకు ఎప్పటినుంచో నేర్పుతున్నారు. దానికి ఆక్సీమీటర్ తోడు కావాలి. అయితే ఆ పరికరాన్నీ గుడ్డిగా నమ్మకూడదు. నల్లని చర్మం మీద అది ఉన్నదానికన్నా ఎక్కువ చూపించవచ్చని అమెరికా ఆసుపత్రుల లెక్కలతో 2020 డిసెంబరులో వచ్చిన పరిశీలన చెప్పింది. చల్లబడిన వేలు మీద, సికిల్‌సెల్ ఉన్నవాళ్ల మీద కూడా తప్పు చూపవచ్చు. అందుకే 95 ఉందని పంపేయకుండా ఊపిరి లెక్కపెట్టాలి, ఆరు నిమిషాలు నడిపించి మళ్లీ చూడాలి. కూర్చున్నా ఆయాసపడేవాళ్లను నడిపించకుండా నేరుగా ఆసుపత్రికి చేర్చాలి.

కాబట్టి మనం అడగాల్సింది ఇది. ప్రతి గూడెంలో పనిచేసే ఆక్సీమీటర్, దాన్ని వాడటం తెలిసిన మన భాష మనిషి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆక్సిజన్, కరెంటు పోయినా ఆగకుండా. నడిచి పోగలిగిన దూరంలో కాకపోయినా, బండి అందే దూరంలో ఎక్స్‌రే, దాన్ని తీసే మనిషి. సికిల్‌సెల్ నిర్మూలన మిషన్ 2023 జూలైలో మొదలైంది, పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. ఆ కార్డు చూడకుండా ఊపిరితిత్తుల జబ్బుకు రక్త పరీక్ష చదవకూడదని డాక్టర్లకు ఆదేశం ఉండాలి. ఆయాసపడే మనిషిని స్కాన్ కాగితం లేదని వెనక్కి పంపడం నేరంగా చూడాలి.

మన యువకులకు ఒక మాట. స్కాన్ రాసిచ్చిన డాక్టరును అడగండి: "ఈ స్కాన్ ఏది వచ్చినా మీ వైద్యం మారుతుందా సార్?" మారుతుందంటే అప్పు చేసైనా తీయిద్దాం. మారదంటే ఆ డబ్బుతో బండి మాట్లాడి, మనిషిని ఆక్సిజన్ ఉన్నచోటికి చేరుద్దాం.