మిలిటరీ కోర్టు అంటే ఉరేనా?

జగిత్యాల నుంచి ఒక తల్లి ఉత్తరం వ్రాశారు. ఆవిడ కొడుకు సైన్యంలో జవాను. చెల్లెలి పెళ్ళికని సెలవుమీద వచ్చాడు. పెళ్ళి అయింది, ఆ వెనుకనే కామెర్లు పట్టుకున్నాయి. సెలవు దాటి ఇరవై రెండు రోజులయింది. ఇప్పుడు ఒళ్ళు కుదుటపడింది గాని, వెళితే కోర్టు మార్షల్ చేస్తారనే భయంతో కాలు కదపడం లేదట. పైగా ఆవిడ మామగారు, "మిలిటరీ కోర్టంటే ఉరే, మా చిన్నప్పుడు వినలేదూ?" అన్నారట.

పెద్దాయన భయానికి ఆధారం లేకపోలేదు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగాక మన హైదరాబాదు సంస్థానాన్ని మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి మిలిటరీ గవర్నరుగా ఏలారు. ఆ ఏలుబడి 1949 చివరిదాకా సాగింది. కరీంనగర్, ఆదిలాబాదు కూడా అందులోనివే. ఆయన శాసనంతో ప్రత్యేక ట్రిబ్యునళ్ళు వెలిశాయి. ఒక్కొక్కదానికి ముగ్గురు సభ్యులు, వారిని నియమించేది గవర్నరే. నల్లగొండలో, తెలంగాణా పోరాటంలో పట్టుబడిన వారికి 1949లో ఆ ట్రిబ్యునలు ఉరిశిక్షలు వేసింది. డిసెంబరులో హైకోర్టు వాటిని ఖాయం చేసింది. నెలన్నర తిరిగేసరికి, 1950 జనవరి 26న, రాజ్యాంగం అమలులోకి వచ్చింది. ఇక సుప్రీంకోర్టు ఉంది కదా అనుకున్నారు. ఇంగ్లండు నుంచి డి.ఎన్. ప్రిట్ అనే పేరుమోసిన బారిస్టరు వారి తరఫున వాదించడానికి వచ్చారు. కాని ఆ తీర్పులు రాజ్యాంగం రాకముందువి గనుక తాము జోక్యం చేసుకోలేమని 1951 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. నెలన్నర తేడాతో ఒక తలుపు మూసుకుపోయింది! ఎంతో ఆందోళన జరిగాక ఆ శిక్షలు యావజ్జీవంగా మారి ప్రాణాలు దక్కాయి. ఆనాటి ముచ్చట ఇళ్ళలో ఇంకా నిలిచి ఉండడంలో వింత లేదు.

అయితే అమ్మా, అది కోర్టు మార్షల్ కాదు. అక్కడ బోనులో నిలబడినవారు మనవంటి పౌరులు. కోర్టు మార్షల్ సైన్యంలో పనిచేసేవారి కోసం ఏర్పడినది. దానికి 1950 నాటి ఆర్మీ చట్టం ఉంది, ఆ చట్టానికో వరుస ఉంది.

ఈ కోర్టులు నాలుగు రకాలు. అన్నిటికన్నా పెద్దది జనరల్ కోర్టు మార్షల్. అందులో కనీసం ఐదుగురు ఆఫీసర్లు కూర్చుంటారు, న్యాయం తెలిసిన జడ్జి అడ్వొకేటు పక్కన ఉంటాడు. ఓట్లు సమానమైతే ముద్దాయి వైపే మొగ్గాలి. మరణశిక్షకు మూడింట రెండు వంతులమంది ఒప్పుకోవాలి, ఆపైన పై అధికారి ఖాయం చేయాలి. అంతవరకూ ఆ తీర్పు చెల్లదు. డిస్ట్రిక్టు కోర్టు మార్షల్‌కు ముగ్గురు చాలు, అది రెండేళ్ళకు మించి కైదు వేయలేదు. యుద్ధరంగం వంటి చోట్లకు సమ్మరీ జనరల్ అని మరొకటి.

సామాన్య జవానుకు ఎదురయ్యేది సాధారణంగా నాలుగోది, సమ్మరీ కోర్టు మార్షల్. ఇందులో కమాండింగ్ ఆఫీసరు ఒక్కడే కోర్టు. మరి ఇద్దరు హాజరుగా ఉంటారు గాని తీర్పులో వారికి పాలు లేదు. లెఫ్టినెంటు కల్నల్, ఆపై హోదావాడైతే ఏడాదిదాకా కైదు వేయవచ్చు, ఉద్యోగంలోనుంచి తీసివేయవచ్చు. శిక్ష వెంటనే అమలు చేయవచ్చు. నన్నడిగితే, భయపడవలసినది ఉరికి కాదు, ఈ ఒంటిచేతి తీర్పుకి.

రంజిత్ ఠాకూర్ అనే సిగ్నల్‌మన్ కథ చూడండి. కమాండింగ్ ఆఫీసరు మీద పైవారికి నేరుగా ఫిర్యాదు పంపినందుకు శిక్ష అనుభవిస్తున్నాడు. 1985 మే 29న అన్నం తినమంటే తిననన్నాడు. మర్నాడే సమ్మరీ కోర్టు మార్షల్! తీర్పరులలో ఆ ఆఫీసరే ఉన్నాడు. ఏడాది కఠిన శిక్ష, ఉద్యోగం ఊడింది. 1987లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. తీర్పు చెప్పేవారిపై నీకు అభ్యంతరం ఉన్నదా అని ముద్దాయిని అడగాలని చట్టంలో ఉన్నది, అడగలేదు. పైగా అన్నం తిననందుకు అంత శిక్షా అని కోర్టు ఆశ్చర్యపోయింది.

అప్పట్లో కోర్టు మార్షల్ మీద అప్పీలు చెప్పుకోవడానికి వేరే కోర్టు లేదు. ఇది విచారకరమని సుప్రీంకోర్టు 1982లోనే అన్నది. చివరకు 2007లో చట్టం వచ్చి, 2009లో సాయుధ దళాల ట్రిబ్యునలు మొదలయింది. మనవారికి చెన్నై బెంచి. సమ్మరీ కోర్టు ఉద్యోగం తీసివేసినా, మూడు నెలలకు మించి కైదు వేసినా అక్కడికి వెళ్ళవచ్చు.

మీ అబ్బాయి విషయం అంత దూరం పోనక్కరలేదు. సెలవు దాటి ఉండిపోవడం ఒక నేరం, దానికి హెచ్చు శిక్ష మూడేళ్ళు. పారిపోవడం వేరే నేరం. యుద్ధ విధుల్లో ఉండగా పారిపోతేనే మరణశిక్ష మాట వస్తుంది. సెలవు దాటిన వ్యవహారాన్ని కోర్టు లేకుండానే కమాండింగ్ ఆఫీసరు తేల్చవచ్చు, అప్పుడు నిర్బంధం ఇరవై ఎనిమిది రోజులకు మించదు. కాని ముప్పై రోజులు దాటితే విచారణ సంఘం కూర్చుంటుంది. గైరుహాజరని వ్రాసుకుంటారు, ఆ తరువాత కూడా రాకపోతే పారిపోయినవాడి కిందే లెక్క. ఇరవై రెండు పోను ఎనిమిది రోజులు మిగిలాయి. మీ ఉత్తరం నాకు చేరడానికి, నేను వ్రాయడానికి పట్టిన రోజులు అందులోనే పోతాయి గనుక మీకు విడిగా జవాబు వ్రాసి పంపాను. కామెర్లకు చూసిన డాక్టరు సర్టిఫికెట్టు, రక్తపరీక్ష కాగితాలు అసలువి పట్టుకుని, నకళ్ళు ఇంట్లో ఉంచి, ఈ రాత్రి రైలుకే ఎక్కించండి. యూనిట్‌కు ముందుగా ఫోను చేసి, వస్తున్నానని అబ్బాయి చేతే చెప్పించండి.

నిర్మల్ నుంచి అల్లుడి పింఛను సంగతి అడిగినవారికి వచ్చే వారం.