పసిబిడ్డ ఏడుపు ఇద్దరికీ వినిపిస్తుంది... రాత్రి లేచేది మాత్రం తల్లి ఒక్కతే ఎందుకు?

2025 నవంబర్ 21న దేశంలో నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటిపై నడిచిన చర్చలో ఎక్కువ మంది దృష్టిని ఆకర్షించిన అంశాల్లో మహిళల రాత్రి షిఫ్టులు ఒకటి. మహిళ సమ్మతి ఉంటే, భద్రతా ఏర్పాట్లు చేస్తే రాత్రి 7 తర్వాత, ఉదయం 6 లోపు కూడా ఆమెతో పని చేయించుకోవచ్చని కొత్త కోడ్ చెబుతోంది. దీన్ని కొందరు సమానత్వం అన్నారు. ఇంకొందరు భద్రత సంగతి ఏమిటని అడిగారు.

అయితే మహిళలు ఎప్పటి నుంచో చేస్తున్న రాత్రి డ్యూటీ ఇంకొకటి ఉంది. దానికి సమ్మతి పత్రం లేదు, జీతం లేదు, షిఫ్టు మారడం లేదు. అది చంటిబిడ్డను చూసుకునే డ్యూటీ. రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు తాగే నవజాత శిశువుకు పగలూ రాత్రీ తేడా తెలియదు. ఆ రాత్రులన్నీ తల్లి మేలుకోవడాన్ని మన సమాజం ‘అమ్మతనం’ అంటుంది. బిడ్డ కదిలితే చాలు తల్లికి మెలకువ వస్తుందని, అది ప్రకృతి ఆమెకు ఇచ్చిన గుణమని నమ్ముతుంది.

ఈ నమ్మకంలో నిజం ఎంత? దాని ఆధారంగా చట్టాలు, సెలవులు, ఇంటి పనుల పంపకం నడుస్తున్నాయి కాబట్టి ఈ ప్రశ్న ఇప్పుడు ఒక్క ఇంటికే పరిమితం కాదు.

వినికిడిలో తేడా ఎంత?

డెన్మార్క్‌లోని ఆర్హస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ ప్రశ్నను నేరుగా పరీక్షించారు. ఇంకా పిల్లలు లేని 140 మంది స్త్రీ పురుషులు నిద్రలో ఉండగా పసిబిడ్డల ఏడుపును, అలారం శబ్దాలను రకరకాల స్థాయిల్లో వినిపించారు. గుసగుసంత చిన్న శబ్దానికి మేల్కొనే అవకాశం స్త్రీలలో సుమారు 14 శాతం ఎక్కువగా కనిపించింది. శబ్దం కాస్త పెరిగేసరికి ఆ తేడా పోయింది. పురుషులూ అంతే మేల్కొన్నారు.

తర్వాత, తొలిసారి తల్లిదండ్రులైన 117 మంది నుంచి వారం రోజుల పాటు రాత్రి వివరాలు సేకరించారు. బిడ్డ కోసం రాత్రిళ్లు లేవడం తండ్రులతో పోలిస్తే తల్లుల్లో మూడు రెట్లు ఎక్కువగా ఉంది. వినికిడిలో కనిపించిన ఆ కొద్ది తేడాతో ఇంత పెద్ద వ్యత్యాసాన్ని వివరించలేమని పరిశోధకులు లెక్క కట్టి తేల్చారు. అంటే ఏడుపు ఇద్దరి చెవినా పడుతోంది. ఎవరు లేవాలన్నది చెవి తేల్చడం లేదు, ఇల్లు తేలుస్తోంది.

లింగ సమానత్వంలో ఎంతో ముందున్నదని పేరున్న డెన్మార్క్‌లోనే పరిస్థితి ఇది. భారత జాతీయ గణాంక కార్యాలయం 2024లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, 15-59 ఏళ్ల వయసు మహిళల్లో 41 శాతం మంది ఇంట్లోని వారి సంరక్షణ పనులు చేస్తుండగా, పురుషుల్లో ఆ వాటా 21.4 శాతమే. ఆ పనులు చేసేవారిలోనూ మహిళలు రోజుకు 140 నిమిషాలు వెచ్చిస్తే, పురుషులు వెచ్చించేది 74 నిమిషాలు.

సహజాతమా, సాధనా?

తల్లి శరీరంలో మార్పులు రావన్నది ఇక్కడ వాదన కాదు. గర్భం దాల్చినప్పటి నుంచి హార్మోన్లు మారతాయి. మెదడు నిర్మాణంలో మార్పులు కూడా వస్తాయని, అవి ప్రసవం తర్వాత కనీసం రెండేళ్లు ఉంటాయని 2017లో ‘నేచర్ న్యూరోసైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం చూపించింది. పాలు పడటానికి తోడ్పడే ప్రొలాక్టిన్ హార్మోన్ రాత్రి వేళ ఎక్కువగా విడుదలవుతుంది. మొదటి వారాల్లో రాత్రి పాలివ్వడం ముఖ్యమని వైద్యులు చెప్పడానికి అదొక కారణం.

కానీ శరీరం సిద్ధం కావడం వేరు, పని రావడం వేరు. బిడ్డ ఆకలికి ఏడుస్తోందా, పక్క తడిసి ఏడుస్తోందా, కడుపు ఉబ్బి ఏడుస్తోందా అన్నది ఏ తల్లికీ మొదటి రాత్రే తెలియదు. ఎత్తుకుని, జోకొట్టి, పొరబడి, మళ్లీ ప్రయత్నించి నేర్చుకుంటుంది.

ఆ నేర్పు తండ్రికీ వస్తుందనడానికి ఆధారాలు ఉన్నాయి. తమ బిడ్డ ఏడుపును ఇతర బిడ్డల ఏడుపు నుంచి ఎవరు బాగా గుర్తుపడతారో ఫ్రాన్స్ పరిశోధకులు పరీక్షించి 2013లో ఫలితాలు ప్రచురించారు. రోజూ బిడ్డతో తగినంత సేపు గడిపే తండ్రులు తల్లులతో సమానంగా గుర్తుపట్టారు. రోజుకు నాలుగు గంటల కన్నా తక్కువ గడిపేవారు వెనుకబడ్డారు. ఇజ్రాయెల్ శాస్త్రవేత్త రూత్ ఫెల్డ్‌మన్ బృందం 2014లో 89 మంది తల్లిదండ్రుల మెదళ్లను పరిశీలించింది. బిడ్డ బాధ్యతను ప్రధానంగా తామే మోస్తున్న తండ్రుల్లో భావోద్వేగ స్పందనకు సంబంధించిన మెదడు భాగాలు తల్లుల్లో మాదిరే చురుగ్గా ఉన్నాయి.

అంతకు చాలా ముందే, 1967లో, జే రోజెన్‌బ్లాట్ అనే శాస్త్రవేత్త ఎలుకలపై ఒక ప్రయోగం చేశారు. ఎన్నడూ ఈనని ఆడ ఎలుకల దగ్గర, మగ ఎలుకల దగ్గర రోజుల తరబడి పిల్లలను ఉంచారు. మొదట పట్టించుకోని ఆ ఎలుకలే కొద్ది రోజులకు పిల్లలను నోట కరిచి గూటికి చేర్చడం, నాకి శుభ్రం చేయడం మొదలుపెట్టాయి. హార్మోన్లు పనిని వేగంగా మొదలుపెట్టిస్తాయేమో గానీ, దగ్గరగా ఉండటం కూడా అదే పని చేయించగలదు.

పుట్టింటి పురుడు చెప్పే సంగతి

పిల్లల పెంపకం ఒక్క తల్లి వల్ల అయ్యే పని కాదని మానవ శాస్త్రవేత్త సారా బ్లాఫర్ హర్డీ దశాబ్దాలుగా చెబుతున్నారు. అమ్మమ్మలు, నాయనమ్మలు, అక్కలు, తండ్రులు అందరూ చేయి వేయబట్టే మనిషి బిడ్డ బతికి బట్టకట్టిందన్నది ఆమె వాదన సారాంశం.

తెలుగు ఇళ్లకు ఇది కొత్త విషయం కాదు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్న ఆనవాయితీ వెనుక ఉన్నది ఈ ఎరుకే. బాలింతకు వేళకు పథ్యం వండి పెట్టడం, బిడ్డకు నలుగు పెట్టి నీళ్లు పోయడం, సాంబ్రాణి పొగ వేయడం, రాత్రి పాలు తాగిన బిడ్డను భుజాన వేసుకుని తిప్పడం అమ్మమ్మ పనులు. తల్లికి అన్నీ సహజంగానే వస్తాయని సంప్రదాయం కూడా నమ్మలేదు. నమ్మి ఉంటే ఇంతమందిని ఆమె చుట్టూ పెట్టేది కాదు. ఈ ఏర్పాటు సముద్రాలు కూడా దాటింది. అమెరికాలో కూతురికో కోడలికో పురుడు పోయడానికి విజిటర్ వీసాపై వెళ్లి నెలల తరబడి ఉండి వచ్చే తల్లులు తెలుగు రాష్ట్రాల్లో దాదాపు ప్రతి ఊళ్లో కనిపిస్తారు.

కానీ ఈ ఆనవాయితీలో ఒక లోటు ఉంది. బిడ్డ ఏడుపు అర్థం చేసుకోవడం నేర్చుకునే ఆ మొదటి వారాల్లో తండ్రి అక్కడ ఉండడు. ఆదివారం చుట్టంలా వచ్చి బిడ్డను చూసి వెళతాడు. మూడో నెలలోనో ఐదో నెలలోనో తల్లీబిడ్డలు తిరిగి వచ్చేసరికి ఆమెకు పని వచ్చేసి ఉంటుంది, అతనికి ఏమీ తెలిసి ఉండదు. ‘నీ దగ్గరైతేనే ఊరుకుంటుంది’ అన్న మాట అక్కడ పుడుతుంది. అది నిజం కూడా. అయితే ఆ నిజం పుట్టుకతో వచ్చింది కాదు, ఆ మూడు నెలల్లో తయారైంది. ఆ తర్వాత దాన్నే సహజాతం అని పిలుస్తున్నారు.

నిద్ర లేని బాలింత

ఇది కేవలం న్యాయానికి సంబంధించిన చర్చ అయితే ఇంట్లోనే తేల్చుకోవచ్చు. కానీ ఇందులో ఆరోగ్యం ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 21.5 శాతం కాన్పులు సిజేరియన్లే. ఆంధ్రప్రదేశ్‌లో అది 42.4 శాతం, తెలంగాణలో ఏకంగా 60.7 శాతం. అంటే తెలంగాణలో సగానికి పైగా బాలింతలు పొట్ట మీద కుట్లతోనే మొదటి వారాల్లో రాత్రిళ్లు మంచం దిగి బిడ్డను ఎత్తుకుంటున్నారు. వేరే ఏ పెద్ద ఆపరేషన్ తర్వాతైనా రోగిని రాత్రికి నాలుగైదుసార్లు లేపితే ఇంట్లో వాళ్లు ఊరుకోరు.

మానసిక ఆరోగ్యం సంగతి మరీ తీవ్రం. భారత్‌లో 20 వేల మందికి పైగా తల్లులపై జరిగిన 38 అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్షను ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రిక 2017లో ప్రచురించింది. దాని ప్రకారం దాదాపు 22 శాతం మంది తల్లులు ప్రసవానంతర డిప్రెషన్‌ను ఎదుర్కొంటున్నారు. దీనికి కారణాలు అనేకం. పేదరికం, ఆడపిల్ల పుట్టిందన్న నిష్ఠూరం, భర్త హింస కూడా వాటిలో ఉన్నాయి. వరుసగా నిద్ర చెడటం ఆ ముప్పును ఇంకా పెంచుతుంది.

ఇక్కడే సహజాతం అన్న మాట చేసే హాని కనిపిస్తుంది. అందరు తల్లులకూ తెలిసినదే తనకు తెలియడం లేదని, బిడ్డ ఏడిస్తే ప్రేమకు బదులు విసుగు వస్తోందని ఒక తల్లి గుర్తిస్తే, ఆ సంగతి ఎవరికి చెబుతుంది? చెప్పుకుంటే తల్లే కాదంటారన్న భయం నోరు మూయిస్తుంది. డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన సమస్య సిగ్గుపడాల్సిన రహస్యంగా మారుతుంది.

చట్టం దృష్టిలో తండ్రి

1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి, మొదటి ఇద్దరు పిల్లలకు వేతనంతో కూడిన సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. ఈ నిబంధనలు ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లో చేరాయి. ప్రసూతి సెలవు మహిళల పునరుత్పత్తి హక్కుల్లో భాగమని తమిళనాడు ఉపాధ్యాయురాలి కేసులో సుప్రీంకోర్టు 2025 మేలో స్పష్టం చేసింది.

తండ్రికి మాత్రం ఆ చట్టంలో ఒక్క రోజు కూడా లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 15 రోజుల పితృత్వ సెలవు ఉంది. ప్రైవేటు రంగంలో అది యాజమాన్యం దయ. 2017లో రాజీవ్ సాతవ్ లోక్‌సభలో ప్రవేశపెట్టిన పితృత్వ ప్రయోజనాల ప్రైవేటు బిల్లు చట్టం కాలేదు. భార్య ప్రసవం కోసం సెలవు కోరిన తెన్‌కాశీ జిల్లా పోలీసు ఇన్‌స్పెక్టర్ ఒకరిని పై అధికారులు విధులు వదిలి పారిపోయినవాడిగా లెక్కగట్టారు. మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం 2023లో ఆ ఉత్తర్వును కొట్టేస్తూ, దేశానికి పితృత్వ సెలవు చట్టం అవసరమని వ్యాఖ్యానించింది.

పొరుగు దేశాలు ఈ విషయంలో ఒక అడుగు ముందున్నాయి. నేపాల్ కార్మిక చట్టం తండ్రికి వేతనంతో 15 రోజులు ఇస్తోంది. పాకిస్తాన్ 2023లో ఇస్లామాబాద్ పరిధిలోని సంస్థలకు వర్తించేలా తెచ్చిన చట్టంలో తండ్రికి 30 రోజుల సెలవు ఉంది.

తల్లికి 26 వారాలు, తండ్రికి సున్నా అన్న ఏర్పాటు తల్లికే ఎదురు తిరుగుతోంది. ఈఎస్‌ఐ పరిధిలో లేని సంస్థల్లో ఆ 26 వారాల వేతనం మొత్తం యజమానే భరించాలి. పెళ్లీడు మహిళను ఉద్యోగంలోకి తీసుకోవడానికి వెనకాడే యజమానికి ఇదొక సాకు. ప్రసూతి ప్రయోజనాల ఖర్చును నేరుగా ఒక్క యజమాని నెత్తిన వేయకూడదని, సామాజిక బీమా ద్వారానో ప్రభుత్వ నిధులతోనో భరించాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 183వ ఒప్పందం చెబుతోంది. భారత్ దాన్ని ఆమోదించలేదు.

ఇక కూలీ పనులకు, ఇళ్లలో పనులకు వెళ్లే తల్లులకు ఈ 26 వారాలే కలలో మాట. వారి కోసం ఉన్న ప్రధానమంత్రి మాతృ వందన యోజన తొలి కాన్పుకు ఇచ్చేది రూ.5,000. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే రూ.6,000. రాత్రంతా మేలుకున్న తల్లి తెల్లారి నాట్లకో, మేస్త్రీ వెంటో వెళ్లకుండా ఆపడానికి ఆ మొత్తం ఎన్నాళ్లు సరిపోతుంది?

పాలిచ్చేది తల్లే కదా!

ఈ వాదనకు వెంటనే వచ్చే జవాబు ఇది. ఆరు నెలల వరకు తల్లిపాలే ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, ఆ పని తండ్రి చేయలేడన్నది వాస్తవం. కానీ రాత్రి డ్యూటీ అంటే పాలివ్వడం ఒక్కటే కాదు. బిడ్డను తెచ్చి తల్లికి అందించడం, తాగాక భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించడం, తడి గుడ్డలు మార్చడం, మళ్లీ నిద్రపుచ్చడం అందులో ఉన్నాయి. వీటికి పాలు అవసరం లేదు. నెలలు నిండక పుట్టిన బిడ్డకు ప్రాణం పోసే కంగారూ సంరక్షణను తండ్రి గుండె మీద కూడా ఇవ్వొచ్చు.

సెలవిస్తే మగవాళ్లు దాన్ని బిడ్డ కోసమే వాడతారా అన్నది రెండో సందేహం. ఇందులో బలం ఉంది. జపాన్ చట్టంలో తండ్రులకు సుదీర్ఘ సెలవు ఉన్నా, దాన్ని వాడుకున్నవారు ఏళ్ల తరబడి పదిమందిలో ఒక్కరు కూడా లేరు. సెలవు అడిగితే ఆఫీసులో చిన్నచూపు చూస్తారన్న భయం అక్కడ పనిచేసింది. కాబట్టి చట్టం ఒక్కటే చాలదు.

అయితే మన దగ్గర ఇప్పటికే ఒక దారి ఉంది. ఆసుపత్రిలో కాన్పు అయ్యాక 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి బిడ్డను చూస్తుంది. బరువు, జ్వరం, పాలు పట్టే తీరు, శుభ్రత గురించి చెబుతుంది. ఆ ఆరు సందర్శనల్లో రెండింటికైనా తండ్రి ఉండాలని అడిగితే, బిడ్డను ఎత్తుకునే తీరు అతని చేతే చేయించి చూపిస్తే, తల్లి నిద్ర ఎలా ఉందని కూడా ఒక ప్రశ్న వేస్తే, దానికి కొత్త భవనాలు అక్కర్లేదు. కావాల్సింది ఆ అదనపు పనికి ఆశాలకు తగిన పారితోషికం, ఆ రోజుల్లో తండ్రి ఇంట్లో ఉండేలా సెలవు.

కొత్త కోడ్ మహిళను రాత్రి షిఫ్టుకు పిలుస్తోంది. ఆమె వెళితే ఆ రాత్రి ఇంట్లో బిడ్డ ఏడ్చినప్పుడు ఎవరు లేస్తారన్నది చట్టం అడగని ప్రశ్న. దానికి జవాబు ‘అమ్మమ్మ’ అయినంత కాలం, ఒక మహిళ పని ఇంకో మహిళ మీదికి మారిందంతే. ‘నాన్న’ అని జవాబు రావాలంటే, అతను మొదటి వారం నుంచే లేవడం మొదలుపెట్టాలి.